గడ్డికోర్టులో మనవాళ్ల గుర్తులు

పేరు క్యాసినో. లోపలికెళితే ఒక్క పేకముక్క కనిపించదు. చెక్కపలకలతో కట్టిన పాతకాలపు మేడ, గుర్రపునాడాలా వంపు తిరిగిన పొడవాటి వసారా, దాని నడుమ గోరంత ఎత్తున కత్తిరించిన పచ్చిక, పచ్చిక మీద తెల్లగీతలు. ఇటాలియన్ భాషలో క్యాసినో అంటే చిన్న ఇల్లు అనే అర్థముంది. వేడుకలకూ వినోదాలకూ కట్టుకున్న ఇంటికి ఆ మాట వాడేవారు. జూదం తర్వాత వచ్చి చేరింది. న్యూపోర్ట్ క్యాసినోలో మాత్రం 1880 నుంచీ నడుస్తున్న ఆట టెన్నిస్.

అమెరికాలో అన్నిటికంటే చిన్న రాష్ట్రం రోడ్ ఐలాండ్. దాని దక్షిణ కొసన, అట్లాంటిక్ ఒడ్డున, ఒక దీవి మీద ఉంది న్యూపోర్ట్. బోస్టన్ నుంచి డెబ్భై మైళ్లు. మా అబ్బాయి కాపురం బోస్టన్ దగ్గరే. 'నాయనా, సముద్రం చూద్దాం పా' అని వాడు బయల్దేరదీస్తే వెళ్లాం. వాడు చూపించాలనుకున్నది కొండ అంచున సముద్రాన్ని ఆనుకుని మూడున్నర మైళ్లు సాగే క్లిఫ్‌వాక్, దాని పక్కనే రైల్వే కోటీశ్వరులు వాండర్‌బిల్ట్‌లు కట్టుకున్న డెబ్భై గదుల 'బ్రేకర్స్' భవంతి. అవీ చూశాం. గదికో రంగు పాలరాయి, మెట్టుకో బంగారు పూత. వేసవిలో కొన్ని వారాలు ఉండి పోవడానికి కట్టుకున్న విడిదిల్లట! వాటి గురించి ఇదివరకే చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది బెల్‌వ్యూ అవెన్యూలో ఉన్న ఈ గడ్డికోర్టుల గురించి. ఎందుకంటే అక్కడి విజేతల జాబితాలో మొట్టమొదటి పేరు మన మద్రాసు మనిషిది.

మాది ఎర్రగుంట్ల. భూమిని తవ్వితే పలకలు పలకలుగా నాపరాయి వచ్చే చోటు. ఇళ్లలో కాలికింద బండ, గోడకు బండ, పొలం గట్టుకు కూడా బండే. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు. అక్కడ పెరిగినవాడికి ఆటస్థలంలో గడ్డి ఉంటుందన్న ఊహే కొత్త. టెన్నిస్ అంటే ఆఫీసర్ల క్లబ్బులో సాయంత్రంపూట ఎర్రమట్టి మీద నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి, తెల్లనిక్కర్లు వేసుకుని ఆడే ఆట. ప్రహరీగోడ మీంచి చూడటమే మాకు తెలిసిన టెన్నిస్. మా ఆవిడది జమ్మలమడుగు. వరసగా పరిచిన ఆ కోర్టులన్నీ చూసి 'ఇంత పచ్చగడ్డి పెట్టుకోని ఒక్క ఎనుమును గూడా తోలరా!' అంది. మనవడు పడీపడీ నవ్వాడు. చొప్పకట్ట ధర ఎంతో తెలిసిన మనిషి ఆమె, నవ్వాల్సిన మాటేం కాదు.

గుర్రం తెచ్చిన గొడవ

ఈ క్యాసినో పుట్టుక వెనక ఓ కథ చెబుతారు. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక యజమాని జేమ్స్ గోర్డన్ బెన్నెట్ జూనియర్. ఆఫ్రికా అడవుల్లో కనిపించకుండా పోయిన లివింగ్‌స్టన్‌ను వెదకమని స్టాన్లీని పంపిన పత్రిక అదే. బెన్నెట్ వేసవికి న్యూపోర్ట్ వచ్చేవాడు. 1879లో ఆయన స్నేహితుడు కెప్టెన్ క్యాండీ అనే ఇంగ్లిష్ అశ్వదళ అధికారి పందెం కాసి, అక్కడి పెద్దమనుషుల క్లబ్బు వసారాలోకి గుర్రమెక్కి వెళ్లాడట. క్లబ్బువాళ్లకు కోపమొచ్చి అతణ్ని రావద్దన్నారు. బెన్నెట్‌కు అంతకంటే పెద్ద కోపమొచ్చింది. 'మీ క్లబ్బు మీరే ఉంచుకోండి' అన్నట్టుగా తన ఇంటికెదురుగా స్థలం కొని కొత్త క్లబ్బే కట్టించాడు. మెకిమ్, మీడ్ అండ్ వైట్ అనే వాస్తుశిల్పుల సంస్థ దాన్ని కట్టింది. ఆ సంస్థకు తర్వాత్తర్వాత ఎంత పేరొచ్చినా తొలినాళ్ల గొప్ప పనుల్లో ఇదొకటి. గుర్రం కథలో ఎంత నిజమో, ఎంత మసాలానో గానీ డబ్బున్నవాళ్ల పంతం వల్ల ఊరికి ఓ మంచి పని జరిగిన సందర్భాలు మన సీమలోనూ లేకపోలేదు.

మరుసటేడు, 1881 ఆగస్టు ఆఖర్లో, అమెరికా జాతీయ టెన్నిస్ పోటీలు మొదటిసారి ఇక్కడే జరిగాయి. ఇవాళ న్యూయార్క్‌లో లక్షలాది మంది చూసే యూఎస్ ఓపెన్‌కు మూలం అదే. రిచర్డ్ సియర్స్ అనే కుర్రాడు గెలిచాడు. అంతటితో ఆగలేదు, 1887 దాకా వరసగా ఏడేళ్లూ అతనే. 1914 వరకు ఆ పోటీలు ఇక్కడే నడిచాయి. ఆ ఆఖరి ఏడు గెలిచినవాడి కథ సినిమాకు తక్కువేం కాదు. అతని పేరు నోరిస్ విలియమ్స్. 1912లో మునిగిన టైటానిక్ ఓడలో ఉన్నాడు. తండ్రి చనిపోయాడు. మంచునీళ్లలో గంటల తరబడి ఉండటంతో ఇతని కాళ్లు కొయ్యబారిపోయాయి. కాపాడిన ఓడలోని డాక్టరు రెండు కాళ్లూ తీసేయాలన్నాడు. విలియమ్స్ ఒప్పుకోలేదు. నొప్పిని పళ్లబిగువున భరిస్తూ డెక్ మీద నడుస్తూనే ఉన్నాడు. కాళ్లు నిలిచాయి. రెండేళ్లకు ఆ కాళ్లతోనే న్యూపోర్ట్ పచ్చిక మీద అమెరికా చాంపియన్ అయ్యాడు.

1915లో పెద్ద పోటీ న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌కు తరలిపోయింది. జనం అక్కడున్నారు, డబ్బూ అక్కడుంది. న్యూపోర్ట్‌కు మిగిలింది ఆహ్వాన టోర్నమెంటు. అది 1967 దాకా సాగింది. మధ్యలో క్యాసినో పాడుబడే స్థితికొచ్చింది. అప్పుడు పూనుకున్న మనిషి జిమ్మీ వాన్ అలెన్. 1954లో ఇక్కడ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టించాడు. ఆటకు సేవ చేసిన మహామహుల పేర్లు ఇక్కడ ఉంటాయి కాబట్టి ఇక ఈ మేడను ఎవరూ కూల్చరు! ఆయన చేసిన రెండో పని ఇంకా పెద్దది. గంటల తరబడి తెగని సెట్లంటే ఆయనకు ఒళ్లుమంట. స్కోరు లెక్కపెట్టే కొత్త పద్ధతులు కనిపెట్టి, న్యూపోర్ట్‌లోనే వాటిని ఆడించి చూశాడు. అందులోంచే టైబ్రేక్ పుట్టింది. యూఎస్ ఓపెన్ 1970లోనూ వింబుల్డన్ 1971లోనూ దాన్ని తీసుకున్నాయి. విచిత్రమేమంటే, టైబ్రేక్ లేని ఆఖరిసెట్టులో 70-68 దాకా సాగి, మూడురోజుల పాటు పదకొండు గంటల అయిదు నిమిషాలు నడిచిన 2010 వింబుల్డన్ మ్యాచ్ ఆడిన ఇద్దరూ, అంటే ఐస్నర్, మహూ, తర్వాత న్యూపోర్ట్‌లో విజేతలయ్యారు. ఐస్నర్ అయితే నాలుగుసార్లు! వాన్ అలెన్ 1991లో పోయాడు. ఉండి ఉంటే ఆ మ్యాచ్ చూసి తల పట్టుకునేవాడు.

మొదటి కప్పు మనదే

అప్పట్లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గడ్డి మీదే జరిగేవి. 1975లో యూఎస్ ఓపెన్ గడ్డిని వదిలేసింది. 1988లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వదిలేసింది. మిగిలింది వింబుల్డన్ ఒక్కటే. యూఎస్ ఓపెన్ వదిలేసిన మరుసటేడు, అంటే 1976లో, న్యూపోర్ట్‌లో ప్రొఫెషనల్ ఆటగాళ్లకు గడ్డికోర్టు టోర్నమెంటు మొదలైంది. వింబుల్డన్ అయిన వెంటనే వచ్చే టోర్నీ. ఆ మొదటి కప్పు గెలిచింది ఇరవై రెండేళ్ల విజయ్ అమృత్‌రాజ్. ఫైనల్లో అమెరికన్ బ్రయాన్ టీచర్‌ను ఓడించాడు. 1980లో మళ్లీ గెలిచాడు. 1984లో టిమ్ మేయట్ మీద మూడోసారి గెలిచేనాటికి విజయ్‌కు ముప్ఫై ఏళ్లు. అప్పటికే జేమ్స్‌బాండ్ సినిమా 'ఆక్టోపసీ'లో కనిపించి, టెన్నిస్ తెలియని ఇళ్లలోనూ తెలిసిన ముఖమయ్యాడు.

విజయ్‌కు గడ్డి ఎందుకు కలిసొచ్చిందన్నది ఆట చూస్తే తెలుస్తుంది. మట్టికోర్టులో బంతి పడి, ఆగి, పైకి లేస్తుంది. వెనకాల నిలబడి ఎన్నిసార్లయినా తిప్పికొట్టొచ్చు. దానికి గుండెబలం, కండబలం, ఓపిక కావాలి. గడ్డి మీద బంతి పడగానే జారుతుంది, పాదాల దగ్గరికే వస్తుంది. ఒక్కోసారి ఎటు పోతుందో దానికే తెలియదు. కాబట్టి బంతిని కిందపడనివ్వకుండా నెట్ దగ్గరే కొట్టేసేవాడికి లాభం. మణికట్టు నేర్పు, చురుకు, చేతిలో మెత్తదనం ఉంటే చాలు. మన పాతతరం ఆటగాళ్లు ఆడిందంతా అదే ఆట. వాళ్లలో చాలామంది కలకత్తా సౌత్ క్లబ్ గడ్డి మీద ఆడి రాటుదేలినవాళ్లే. ఆ క్లబ్బుకు 1920లో పునాది పడింది. 1966 డేవిస్ కప్ సెమీఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు థామస్ కాక్ చేతిలో రామనాథన్ కృష్ణన్ దాదాపు ఓడిపోయి, నాలుగోసెట్టు 2-5తో వెనకబడి, అక్కణ్నుంచి లేచి మ్యాచ్ గెలిచి భారత్‌ను మొదటిసారి ఫైనల్‌కు చేర్చింది ఆ పచ్చిక మీదే. మూడోసెట్టు కృష్ణన్ 10-12తో పోగొట్టుకున్నాడు. టైబ్రేక్ లేని కాలం మరి! 1987లో ఆస్ట్రేలియాను వాళ్ల సిడ్నీలోనే ఓడించి మనవాళ్లు మళ్లీ డేవిస్ కప్ ఫైనల్‌కు వెళ్లిందీ గడ్డి మీదే.

ఇందులో తెలుగువాళ్ల వాటా లేదా అంటే, ఉంది. అందరికంటే ముందు తరంలోనే ఉంది. 1896లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన కోటా రామస్వామి, క్రికెట్‌కు పెద్దదిక్కుగా ఉన్న బుచ్చిబాబు నాయుడి కొడుకు. కోటా వారింటికి దత్తు వెళ్లాడు. కేంబ్రిడ్జిలో చదువుతూ 1922లో భారత్ తరఫున డేవిస్ కప్ ఆడాడు. వ్యవసాయశాస్త్రం చదివి వచ్చి మద్రాసు వ్యవసాయశాఖలో ఉద్యోగం చేశాడు. మన కడప జిల్లా అప్పుడు ఆ మద్రాసు రాజ్యంలోదే. అక్కడితో కథ అయిపోలేదు. 1936లో, నలభై ఏళ్లు నిండాక, ఇంగ్లండ్‌లో క్రికెట్ టెస్టులు రెండు ఆడాడు. మాంచెస్టర్‌లో 40, 60, ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండు ఆటల్లోనూ దేశానికి ఆడిన అరుదైన మనిషి. 1985 అక్టోబరులో ఓరోజు మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు.

మళ్లీ న్యూపోర్ట్‌కు వద్దాం. 1998లో కలకత్తా కుర్రాడు లియాండర్ పేస్ ఇక్కడ ఫైనల్లో దక్షిణాఫ్రికా ఆటగాడు నెవిల్ గాడ్విన్‌ను 6-3, 6-2తో ఓడించి కప్పు గెలిచాడు. పేస్ డబుల్స్‌లో గెలిచిన కప్పులు లెక్కపెట్టాలంటే పుస్తకం కావాలి. సింగిల్స్‌లో ఏటీపీ స్థాయి కప్పు మాత్రం జీవితం మొత్తంలో ఇదొక్కటే. ఇంకో మాట. ఆ రోజు తర్వాత భారత పురుషుడెవరూ ఏటీపీ సింగిల్స్ కప్పు గెలవలేదు. పాతికేళ్లు దాటిపోయాయి. 2008లో విజయ్ కొడుకు ప్రకాశ్ అమృత్‌రాజ్ ఇక్కడే ఫైనల్‌కు వచ్చాడు. తండ్రి మూడుసార్లు గెలిచిన చోట ఫ్రాన్స్ ఆటగాడు సాంటోరో చేతిలో ఓడిపోయాడు. 2018లో చెన్నై కుర్రాడు రామ్‌కుమార్ రామనాథన్ ఫైనల్ చేరి, స్టీవ్ జాన్సన్ మీద మూడుసెట్లు పోరాడి ఓడాడు. చూశారుగా, గెలిచినా ఓడినా మనవాళ్ల సింగిల్స్ కథ ఈ ఊరి చుట్టూనే తిరుగుతుంది. వింబుల్డన్‌లో మనకు దొరకనిది ఇక్కడ దొరికింది.

కారణం కూడా ఉంది. వింబుల్డన్ రెండు వారాలు ఆడిన పెద్ద ఆటగాళ్లు అలసిపోతారు. కొందరు విశ్రాంతి తీసుకుంటారు, కొందరు యూరప్ మట్టికోర్టులకు వెళ్లిపోతారు. అట్లాంటిక్ దాటి ఇంకోవారం గడ్డి మీద ఆడేందుకు వచ్చేవాళ్లు తక్కువ. కాబట్టి వందో ర్యాంకు, నూట యాభయ్యో ర్యాంకువాడికి ఇక్కడ తలుపు తెరిచి ఉండేది. గెలిస్తే 250 ర్యాంకింగ్ పాయింట్లు. ఏడాదంతా చిన్నచిన్న ఊళ్లలో పాయింటు పాయింటూ పోగేసుకునే ఆటగాడికి అది ఒక్క వారంలో జాతకం మార్చే మొత్తం. చాలా ఏళ్లపాటు ఉత్తర అమెరికా మొత్తమ్మీద గడ్డి మీద జరిగే ఏటీపీ టోర్నీ ఇదొక్కటే.

ఒకే వారంలో రెండు

2024 జులైలో ఇక్కడ ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. జులై 20న విజయ్ అమృత్‌రాజ్, లియాండర్ పేస్‌లను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ గౌరవం అందుకున్న తొలి ఆసియా పురుషులు వాళ్లే. తామిద్దరూ సింగిల్స్ కప్పు ఎత్తిన పచ్చిక పక్కనే! మరునాడు అదే చోట టోర్నీ ఫైనల్. అమెరికన్ మార్కోస్ గిరోన్ గెలిచాడు. ఏటీపీ ప్రధాన సర్క్యూట్‌లో న్యూపోర్ట్ చివరి ఫైనల్ అదే అయింది. 2025 నుంచి దాన్ని ఒక మెట్టు కిందికి దించి ఛాలెంజర్ టోర్నీ చేశారు. గెలిచినవాడికి వచ్చే పాయింట్లు సగమయ్యాయి, 125. ఆడవాళ్ల పోటీని కూడా జతచేశారు, అది మాత్రం మంచిపనే. 1976లో మొదటి కప్పు గెలిచిన మనిషిని, ఆ పోటీ ఆఖరి వారంలో పిలిచి సన్మానించినట్టయింది. అనుకుని చేసింది కాకపోయినా, నాకది పెళ్లికీ అప్పగింతలకూ ఒకే పందిరి వేసినట్టు అనిపించింది.

ప్రపంచ టెన్నిస్ క్యాలెండరు కిక్కిరిసిపోయింది, చిన్న టోర్నీలను తగ్గించాలి అంటారు. నిజమే కావచ్చు. గడ్డిని పెంచడం ఖర్చుతో కూడిన పని, అదీ నిజమే. సిమెంటు కోర్టు ఒకసారి వేస్తే ఏళ్లతరబడి నిలుస్తుంది, సిమెంటు ఊరి వాడిగా దానికి నేనేమీ వ్యతిరేకిని కాను. గడ్డి అలా కాదు. నీళ్లు పట్టాలి, రోలరు తిప్పాలి, రోజూ కత్తిరించాలి, వానొస్తే పరుగున పట్టాలు కప్పాలి, ఆట అయ్యాక చదునుచేసి మళ్లీ విత్తనం చల్లాలి. అందుకే మన దేశంలోనూ గడ్డికోర్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. అయినా పెద్ద పరీక్ష వచ్చినప్పుడు మనకు గుర్తొచ్చేది అదే. 2019లో ఇటలీ వస్తే డేవిస్ కప్ మ్యాచ్ కోల్‌కతా సౌత్ క్లబ్ గడ్డి మీద పెట్టారు, ఓడిపోయాం. 2022లో డెన్మార్క్ వస్తే ఢిల్లీ జింఖానా గడ్డి మీద పెట్టారు, గెలిచాం. మన తెలుగు కుర్రాడు విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్ పక్కన నిలబడి డబుల్స్ ఆడింది వింబుల్డన్ గడ్డి మీద. హైదరాబాదీ సానియా మీర్జా 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్, 2015లో హింగిస్‌తో కలిసి మహిళల డబుల్స్ గెలిచిందీ అక్కడే. మనకు గడ్డి అచ్చొచ్చిందనే చెప్పాలి. గడ్డిదే పోయేకాలం వచ్చింది.

క్యాసినోలో మ్యూజియం ఉంది. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాలి. కొయ్య రాకెట్లు, కాలిమడమల దాకా గౌన్లు వేసుకుని ఆడిన ఆడవాళ్ల బొమ్మలు, పాత కప్పులు చూస్తూ రెండు గంటలు గడిచిపోతాయి. వెనకవైపు గోడల మీదకు బంతిని కొడుతూ ఆడే పాతకాలపు 'కోర్ట్ టెన్నిస్' గది కూడా ఉంది. టెన్నిస్‌కు తాతలాంటి ఆట. తల వంచి చూస్తే నియమాలు అర్థమైనట్టే ఉంటాయి, కాసేపటికి ఏమీ అర్థం కాలేదని తెలుస్తుంది.

వేసవి నెలల్లో వెళ్తే ఇంకో సంగతి. డబ్బు కడితే ఎవరైనా ఈ గడ్డి మీద ఆడొచ్చు. సభ్యత్వం అక్కర్లేదు. సియర్స్ ఆడిన నేల, విజయ్ ఆడిన నేల గంటల లెక్కన అద్దెకిస్తారన్నమాట. వింబుల్డన్‌లో మనలాంటివాళ్లకు ఆ భాగ్యం ఎక్కడిది? ముందుగా బుక్ చేసుకోవాలి, బట్టలు తెల్లవే అయి ఉండాలి, అడుగున గాట్లు లేని బూట్లు కావాలి. మా అబ్బాయి నీలంచొక్కాలో వచ్చాడు. మనవడి తెల్లటోపీ ఒక్కటీ పనికొస్తుందా అని కౌంటర్లో అడిగితే ఆ అమ్మాయి నవ్వేసింది. ఆఖరికి దగ్గర్లోని దుకాణంలో చొక్కాలు కొని, తండ్రీకొడుకులు గంటసేపు ఆడారు. మొదటి పది నిమిషాలు ఒక్క బంతీ వాళ్ల రాకెట్టుకు తగల్లేదు. మోకాలి ఎత్తుకు వస్తుందనుకున్నది పాదాల కిందుగా జారిపోయేది. పదకొండో నిమిషంలో మనవడు ఏమనుకున్నాడో ఏమో, నెట్ దగ్గరకు పరుగెత్తుకెళ్లి బంతి కిందపడక ముందే తోశాడు. వాడికెవరూ చెప్పలేదు.